ఇచ్చిన చెయ్యి – పదకొండో భాగం: ఆరు బిళ్ళల ముక్క

తమ్ముడు పోయి నలభై మూడు రోజులు. ఈ నలభై మూడు రోజుల్లో టైలరక్క పోలీస్ స్టేషన్ మెట్లు పందొమ్మిది సార్లు ఎక్కింది. ఇరవయ్యోసారి ఎక్కుతుండగా పోయినవారం ఆమెను వదిలేశాం. ఎక్కనిచ్చే ముందు, మధ్యలో వచ్చి చేరినవాళ్ళ కోసం నాలుగు మాటలు.

తమ్ముడికి ఇరవై తొమ్మిదేళ్ళు. అక్క షాపులోనే మిషన్ మీద కూర్చునేవాడు. పక్క మిషన్ మీద అతని పెళ్ళాం, ఇంట్లో ఆమెను అమ్మాయి అనే పిలుస్తారు. ఒక మధ్యాహ్నం మేడ మీద గదిలో పడుకున్నాడు, లేవలేదు. ప్యాంటు జేబులో మత్తెక్కించే నొప్పి బిళ్ళల షీటు ముక్క దొరికింది. ఆరు గుంటలు, ఆరూ ఖాళీ. బిళ్ళల వల్ల ఊపిరి ఆగిందని డాక్టరు రాశాడు. ఆ బిళ్ళలు వీధి చివర మందుల కొట్టువి. డాక్టరు చీటీ లేకుండా ఏ మందైనా ఇచ్చే ఆ కొట్టాయన్ని వీధంతా చిల్లర డాక్టరు అంటుంది. అతని కొట్టుకు ఎదురుగా తొమ్మిది రోజులు నిలబడి, ఎవరెవరు వచ్చి ఏం కొన్నారో కాగితం మీద రాసి, పోలీసుల చేతిలో పెట్టింది టైలరక్కే. అతన్ని పట్టుకున్నారు. పన్నెండో రోజుకు బెయిల్ మీద బయటికొచ్చాడు. చీటీ లేకుండా అమ్మిన కేసు అది. చావు కేసు కాదు.

ఆమెకు కావలసింది చావు కేసు. శవం ఇంట్లో ఉండగానే నలుగురి ముందూ అంది: "వీడి చేతిలో ఇది పెట్టిన చెయ్యి ఎవరిదైనా సరే, ఆ చేతికి బేడీలు పడేదాకా నేను సూదిలో దారం ఎక్కించను." అన్నంత పనీ చేసింది. ఆ రోజు నుంచి మిషన్ ముట్టలేదు.

ఇక మెట్లెక్కిద్దాం.

"ఎప్పుడూ మీరే వస్తారు. ఈసారి నేనే కబురు పెట్టాను. ఆ మాత్రానికైనా సంతోషించండమ్మా," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"చావు కేసు కట్టారా?"

"కూర్చోండి."

"కట్టారా, లేదా?"

"కూర్చుంటే చెప్తాను. నిలబడ్డవాళ్ళకి చట్టం చెప్పడం నాకు చేతకాదు."

ఆమె కూర్చుంది. ఇన్‌స్పెక్టరు టేబుల్ మీద ఉన్న రెండు పెన్నులు తీసి ఒకదానికొకటి దూరంగా పెట్టాడు.

"ఇది అమ్మడం. ఇది చావు. రెండూ రెండు నేరాలు. ఈ రెండింటినీ కలిపి కుట్టే దారం నాకు కావాలి. చిల్లర డాక్టరు అమ్మాడు, నిజమే. కానీ మింగింది మీ తమ్ముడు, తన చేత్తో తనే. దారం అక్కడ తెగిందంటాడు వాడి లాయరు. జడ్జీ తలూపుతాడు."

"అయితే వాడు ఇలాగే తిరుగుతాడా?"

"వినండి. మీ తమ్ముడికి బిళ్ళల అలవాటుందని తెలిసి, ఎక్కువ చేతికిస్తే ఆగలేడని తెలిసి ఇచ్చినవాడెవడో ఉన్నాడనుకోండి. వాడి సంగతి వేరు. వాడి మీద చావు కేసు నిలబడుతుంది. పడిపోయాక చూసి కూడా డాక్టర్ని పిలవకపోతే ఇంకా గట్టిగా నిలబడుతుంది. అలాంటి చెయ్యి ఒకటి చూపించండి, రాత్రికి లోపల కూర్చోబెడతాను."

"చిల్లర డాక్టరుదే ఆ చెయ్యి."

"కాదు." ఇన్‌స్పెక్టరు సొరుగులోంచి ఒక ప్లాస్టిక్ కవరు తీశాడు. "నిన్న స్టేట్‌మెంట్ ఇచ్చాడు. షీటు ఎప్పుడూ కొయ్యనంటాడు. పది బిళ్ళల షీటు మొత్తం అమ్మానంటాడు. ఎవరికి అంటే గుర్తులేదంటాడు. వాడి మాట నేనూ నమ్మను. కానీ కొట్లో ఉన్న కత్తెరలు మూడూ తెచ్చి కోసి చూశాం. ఏదీ ఇలా కొయ్యదు. చూడండి. షీటు కొన్నవాడు వేరే ఉన్నాడు. దాన్ని కోసి మీ తమ్ముడి చేతిలో పెట్టింది వాడే."

కవరును ఆమె వైపు తోశాడు.

ఈ ముక్కను ఆమె ఇంతకుముందు ఒక్కసారే చూసింది, తమ్ముడి జేబులోంచి తీస్తున్నప్పుడు. ఆ రోజు అంచు చూసే స్థితిలో లేదు. ఇప్పుడు చూసింది.

అంచు తిన్నగా లేదు. పళ్ళు పళ్ళుగా ఉంది. గుడ్డ దారాలు ఊడిపోకుండా కోసే జిగ్‌జాగ్ కత్తెర అంచు అది. షీటు అడ్డంగా ఏడు పళ్ళు వరసగా ఉన్నాయి. ఎనిమిదో పన్ను ఉండాల్సిన చోట చదునుగా ఉంది. ఆ తర్వాత మళ్ళీ పళ్ళు.

టైలరక్క కవరును టేబుల్ మీద పెట్టేసింది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"ఏమ్మా? ఈ కోత ఎక్కడైనా చూశారా? మీ పని ఇదే కదా."

"కళ్ళజోడు తెచ్చుకోలేదు సార్. సాయంత్రం వచ్చి చెప్తాను."

కళ్ళజోడు ఆమె మెడలో తాడుకు వేలాడుతోంది. ఇన్‌స్పెక్టరు దాన్ని చూశాడు, ఆమె మొహం చూశాడు, కవరు తీసి సొరుగులో పెట్టుకున్నాడు.

"అయిదింటిదాకా ఇక్కడే ఉంటాను. మీరు రాకపోతే నేనే మీ షాపుకి వస్తాను. చొక్కా కొలతలివ్వడానికి మాత్రం కాదు."

స్టేషన్ నుంచి షాపుకు నడిస్తే పావుగంట. ఆమెకు ఇరవై అయిదు నిమిషాలు పట్టింది. దారిలో ఆగింది ఎక్కడా లేదు.

షాపులో ముందు గదిలో కటింగ్ టేబుల్. దాని వెనక తెర. తెర వెనక మూడు మిషన్లు. కటింగ్ టేబుల్ ఆమె మొగుడిది. అతన్ని అందరూ మాస్టరు అంటారు. ఒకసారికి పన్నెండు పొరల గుడ్డ కోసి, ఏ పొరా దారం మందం కూడా జరగకుండా తీయగల మనిషి. అతని కత్తెరలు వేరే ఎవరూ ముట్టుకోరు. టేబుల్ సొరుగులో ఉంటాయి, సొరుగు తాళం అతని మొలతాడుకు ఉంటుంది. పెళ్ళైన కొత్తలో ఆమె ఒకసారి ఆ కత్తెరతో కాగితం కోసిందని రెండు రోజులు మాట్లాడలేదు.

మాస్టరు నీలంగుడ్డ మీద సుద్దతో చొక్కా చేతుల గీత గీస్తున్నాడు. ఫ్యాక్టరీ యూనిఫారాల ఆర్డరు అది. ఆరొందల చొక్కాలు, వచ్చే శనివారానికి ఇవ్వాలి.

"ఏమన్నాడు మీ ఇన్‌స్పెక్టరు?" తల ఎత్తకుండానే అడిగాడు.

"ఏముంది, ఎప్పటిదే." ఆమె టేబుల్‌కు ఇవతల నిలబడింది. "జిగ్‌జాగ్ కత్తెర ఒకసారి తీయండి."

"సూది ముట్టనని ఒట్టు పెట్టుకుని కత్తెర మీద పడ్డావేంటి? రేపు ఇస్త్రీపెట్టె అడుగుతావా?"

"ఒక సాంపిల్ ముక్క కావాలి. మీరే కొయ్యండి. నేను ముట్టుకోను."

మాస్టరు నవ్వి తాళం తీశాడు. కత్తెర తీసి, చెత్తలోంచి నీలంగుడ్డ ముక్క ఒకటి లాగి, బెత్తెడు పొడవున కోసి ఆమె ముందు పడేశాడు. మళ్ళీ సుద్ద తీసుకున్నాడు.

ఆమె కళ్ళజోడు పెట్టుకుంది. ముక్కను టేబుల్ మీద పరిచి, వేలితో ఒక్కో పన్నూ లెక్కపెట్టింది. ఏడు. తర్వాత చదును.

"ఈ పన్ను ఎప్పుడు విరిగింది?"

"మనం ఈ షాపులోకి మారిన రోజు కింద పడింది కదా. మీ తమ్ముడే పడేశాడు. మార్చమని నువ్వు ఎన్నిసార్లన్నావు! గుడ్డకి తేడా ఏం తెలుస్తుందని నేనే ఉంచేశాను."

"గుడ్డకి తెలియదు," అంది ఆమె. "రేకుకి తెలుస్తుంది."

సుద్ద ఆగింది.

"వాడి జేబులో దొరికిన షీటు ముక్క ఇవాళ చూశాను. ఏడు పళ్ళు, ఒక చదును."

మాస్టరు సుద్దను గీత పక్కనే పెట్టాడు. అరచేతుల తెల్లటి పొడిని ప్యాంటుకు తుడుచుకున్నాడు. తర్వాత అతను అడిగిన మొదటి మాట ఇది:

"ఇన్‌స్పెక్టరుకు చెప్పావా?"

కాదనలేదు. ఎవరో నా కత్తెర వాడుంటారు అనలేదు. స్టేషన్ నుంచి ఇక్కడిదాకా ఆమె నడిచిన ఇరవై అయిదు నిమిషాలూ అతను ఏం అబద్ధం చెబుతాడో, అందులో తను దేన్ని నమ్మగలదో వెతుక్కుంటూనే వచ్చింది. అతను ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు.

"ఎన్నాళ్ళుగా?"

"నాలుగు నెలలు."

"నాలుగు నెలలు నా తమ్ముడికి నువ్వు బిళ్ళలు పెట్టావా?"

పద్దెనిమిదేళ్ళలో ఆమె అతన్ని నువ్వు అనడం అదే మొదలు. అతను గమనించాడు. తప్పుపట్టలేదు.

"అరవకు. లోపల అమ్మాయి ఉంది. నేను చెప్పేది విను. వాడికి అలవాటు చేసింది నేను కాదు. లారీల మీద తిరిగినప్పుడే అంటించుకున్నాడు. మానేశానని నీకు చెప్పాడు. నువ్వు నమ్మావు. నేను నమ్మలేదు. ఒకరోజు షీటుకు షీటే మింగబోతుంటే చేతిలోంచి లాక్కున్నాను. అప్పట్నుంచి నేనే కొని సొరుగులో దాచి, రోజుకు రెండు కోసి ఇచ్చాను. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి. మెల్లగా ఒకటికి దించుదామనుకున్నాను."

"దించావా?"

"ఇవ్వకపోతే చేతులు వణికేవి. వణికే చెయ్యి సూది కిందకి పోతుంది."

"దించావా అని అడిగాను."

"ఆర్డరు వచ్చింది," అన్నాడు మాస్టరు. "ఆర్డరు అయ్యాక దించుదామనుకున్నాను."

"అంటే నాలుగు నెలలు వాడు కుట్టలేదు. నీ బిళ్ళ కుట్టింది."

"నువ్వు కూడా మెచ్చుకున్నావు. మా తమ్ముడు దారిలో పడ్డాడు, పొద్దున కూర్చుంటే చీకటి పడేదాకా లేవడంలేదు అని వీధంతా చెప్పుకున్నావు. ఎందుకు లేవడంలేదో ఒక్కసారైనా అడిగావా?"

ఆ మాట తగలాల్సిన చోట తగిలింది. ఆమె టేబుల్ అంచు పట్టుకుంది.

"ఆ ఆరూ ఎప్పుడిచ్చావు?"

"గుడ్డ కోసం మిల్లుకు వెళ్ళాను చూడు, ఆ పొద్దున. మూడు రోజుల పని. రోజుకు రెండు చొప్పున ఆరు. నేను లేనప్పుడు ఎవరు కోసిస్తారు? నీతో చెప్పలేను. ఆరూ ఒకే ముక్కగా కోసి చేతిలో పెట్టాను. రోజుకు రెండేరా అని రెండుసార్లు చెప్పాను. 'సరే బావా' అన్నాడు."

"సరే బావా అన్నాడా."

"నా మీదొట్టు అని కూడా అన్నాడు."

"పాపం, నువ్వేం చేస్తావు మరి! ఒట్టేశాడు కదా. షీటుకు షీటే మింగబోయినవాడి చేతిలోంచి నువ్వే లాక్కున్నావు, మళ్ళీ నువ్వే తెచ్చి ఆరు పెట్టావు. వాడు ఆగలేడని ఈ ఊళ్ళో అందరికంటే నీకే బాగా తెలుసు." ఆమె గొంతు పెరగలేదు. "శవం పక్కన కూర్చున్నప్పుడు నా భుజం మీద ఒక చెయ్యి వేశావు. కొట్టు ఎదురుగా తొమ్మిది రోజులు నిలబడితే రోజూ మంచినీళ్ళ సీసా తెచ్చి ఇచ్చావు. అదీ ఆ చెయ్యే."

"నేనేం చెయ్యను? నేనే అని చెప్పమంటావా? నువ్వు అప్పటికే బేడీలు చేతికి కొలిచి కూర్చున్నావు."

"అయిదింటికి ఇన్‌స్పెక్టరు వస్తాడు. ఆ కత్తెర ఈ టేబుల్ మీదే ఉంటుంది. నువ్వూ ఇక్కడే ఉంటావు."

"నన్ను లోపల వేయిస్తే వాడు తిరిగొస్తాడా?"

"రాడు. నువ్వు పోతావు. నాకు అది చాలు."

మాస్టరు ఆమె మొహంలోకి చూశాడు. అందులో ఎక్కడైనా చనువుకు చోటు దొరుకుతుందేమోనని వెతికాడు. దొరకలేదు. గోడ గడియారం వైపు చూశాడు. నాలుగు దాటి పది నిమిషాలైంది.

"షాపు ఏమవుతుంది? ఆ ఆర్డరు ఏమవుతుంది? ఎవరికోసం చేశాననుకున్నావు ఇదంతా?"

"మిగిలిన నాలుగూ ఏవి?"

"ఏ నాలుగు?"

"షీటుకి పది. వాడికి ఆరు కోశావు. మిగిలిన నాలుగు ఈ సొరుగులో ఉండాలి. వాటి అంచూ దాని అంచూ పక్కపక్కన పెడితే పన్నుకి పన్ను కూర్చుంటుంది. ఏవి?"

మాస్టరు గుడ్డ మడత సర్దాడు.

"కాల్చేశావా?"

"నువ్వు సూది ముట్టనన్నావు," అన్నాడు అతను. "నలుగురి ముందూ ఒట్టు పెట్టుకున్నావు. బాగానే ఉంది. తెల్లారి లేచి స్టేషన్‌కి పోయావు. ఆరొందల చొక్కాలు ఎవరు కుట్టాలి? వాడు లేడు, నువ్వు కూర్చోవు. మిగిలింది ఒక్కతే. మొగుడు పోయి పదిరోజులు కాకుండానే ఆ అమ్మాయి పద్నాలుగేసి గంటలు కూర్చుంది. నడుం పట్టేస్తోంది అన్నయ్యా, చేతులు రావడంలేదు అన్నయ్యా అని ఏడిస్తే నేనేం చెయ్యాలి?"

ఆమెకు అర్థం కావడానికి కాసేపు పట్టింది.

"అమ్మాయికిచ్చావా?"

"రోజుకు ఒకటే. నాలుగు రోజుల్లో అయిపోయాయి. ఇప్పుడేం లేవు."

ఇంతసేపూ మాటల్లో వినిపించని మోటారు చప్పుడు తెర వెనక నుంచి వినిపించింది. మరదలు కుడుతోంది. టైలరక్క ఇరవై రెండేళ్ళు ఆ చప్పుడులో బతికింది. చొక్కా చెయ్యి కుడితే మిషన్ ఎంతసేపు పరిగెడుతుందో, కాలర్ మలుపు దగ్గర ఎక్కడ ఆగుతుందో ఆమె చెవికి తెలుసు. ఎవరు కుట్టినా మిషన్ ఆగి ఆగి నడవాలి. గుడ్డ తిప్పాలి, పాదం ఎత్తాలి, దారం తెంపాలి.

ఇది ఆగడంలేదు.

ఆమె తల వంచి విన్నది. పది అంకెలు లెక్కపెట్టింది. ఇరవై. ముప్ఫై. ఒకే వేగం, ఒకే చప్పుడు.

అంత పొడవు కుట్టు ఏ చొక్కాకూ ఉండదు.

టైలరక్క తెర లాగింది. మరదలు మిషన్ మీద తల ఆనించి ఉంది. చెంప నీలంగుడ్డ మీద, కాలు పెడల్ మీద. దారం ఎప్పుడో అయిపోయింది. ఖాళీ సూది ఒకే చోట దిగుతూ లేస్తోంది, గుడ్డకు అక్కడ చిల్లు పడింది. ఆమె కుడి చెయ్యి సూదికి వేలెడు దూరంలో ఉంది.

"అమ్మాయ్! ఏయ్ అమ్మాయ్!"

స్విచ్ కొట్టింది. చప్పుడు ఆగింది. భుజం పట్టి కుదిపింది. తల అటు ఒరిగింది గాని కళ్ళు తెరుచుకోలేదు. పెదాలూ గోళ్ళూ నీలి రంగుకు తిరిగాయి. చంకల కింద చేతులేసి నేల మీదికి దించి, తన జాకెట్లో ఉన్న ఫోను తీసింది.

మాస్టరు ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"ఆగు. ఒక్క నిమిషం ఆగు. నీళ్ళు చల్లి చూద్దాం. నిద్రపోయి ఉంటుంది. ఫోన్ చేస్తే ఏం మింగింది అని అడుగుతారు. ఏం చెప్తావు?"

ఆమె ఆ చేతి వంక చూసింది. అతనే వదిలేశాడు.

అంబులెన్స్ నంబరు కొట్టింది. అవతల మగ గొంతు పలికింది. షాపు ఎక్కడో చెప్పింది. ఆడమనిషి, ఇరవై ఆరేళ్ళు, కదలడంలేదు, ఊపిరి తెలియడంలేదు అని చెప్పింది.

"బండి బయల్దేరిందమ్మా. లైన్లోనే ఉండండి, ఇదంతా రికార్డవుతుంది. ఆమె ఏం తీసుకుంది?"

"నొప్పి బిళ్ళలు."

"ఎన్ని?"

టైలరక్క స్పీకరు నొక్కింది. ఫోను చాచి మొగుడి నోటి ముందు పెట్టింది.

"నాకు తెలియదు," అంది ఫోనులోకి. "ఇచ్చినాయన ఇక్కడే ఉన్నాడు. ఆయన చెప్తాడు."

మాస్టరు ఒకడుగు వెనక్కి వేశాడు. ఫోను అతని వెంట ఒకడుగు ముందుకు వచ్చింది.

"హలో! ఎన్ని తీసుకుందో తెలియాలి. సరిగ్గా చెప్తే దానికి తగిన మందు బండిలోనే ఎక్కిస్తారు. ఎన్ని?"

"చెప్పు," అంది టైలరక్క. "నాలుగే కదా. ఎప్పుడో అయిపోయాయి కదా. అదే చెప్పు. ఆ మాట నమ్మి వాళ్ళు తక్కువ మందు ఇస్తారు. నీ చేతి మీద ఇది రెండోది అవుతుంది."

మాస్టరు గడియారం చూశాడు, తలుపు చూశాడు, నేల మీద ఉన్న మనిషిని చూశాడు.

"పది," అన్నాడు.

"పది బిళ్ళలా? ఎప్పుడిచ్చారు?"

"ఇవాళ పొద్దున. రేపు మిల్లుకు వెళ్ళాలి, అయిదు రోజులు పడుతుంది. అయిదు రోజులవి ఇచ్చాను. షీటు మొత్తం." అతని గొంతు తగ్గిపోయింది. "ఈసారి కొయ్యలేదు."

టైలరక్క ఫోను నేల మీద పెట్టేసింది. మరదలి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, కళ్ళజోడు తీసి, అద్దాన్ని ఆ ముక్కు కింద పట్టింది. ఫోనులోంచి గొంతు అంటోంది: "ఊపిరుందా చూడండి. అమ్మా, వినిపిస్తోందా? ఊపిరుందా?"

అద్దం మీద ఇంకా ఏమీ కనిపించలేదు.